మూడు వరసల ఇంజను

మా బావ చెక్క అచ్చులు చేస్తాడు. ఫౌండ్రీలో ఇనుము పోత పోయాలంటే ముందు ఇసుకలో ఆ వస్తువు ఆకారం అచ్చు పడాలి. ఆ ఆకారాన్ని చెక్కతో చేసి ఇచ్చేది ఆయన. బోయిగూడలో సామిల్లుల మధ్య ఒక సందులో కింద పనిచోటు, పైన ఇల్లు. నేను అల్వాల్‌లో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారాలు అక్కను చూడటానికి వెళ్తాను. ఎప్పుడు వెళ్లినా బావ కింద రంపం మోతలో ఉండేవాడు, నేనూ అక్కా పైన మా మాటల్లో ఉండేవాళ్లం. ఇన్నేళ్లలో ఆయన పని గురించి నేను అడిగింది లేదు, నా పని గురించి ఆయన అడిగింది లేదు.

కిందటేడు ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లపాటు మెట్లు దిగొద్దన్నారు డాక్టర్లు. కాలు స్టూలు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ఇంట్లో ప్రతి తలుపుకూ, ప్రతి డబ్బాకూ వంకలు పెట్టడం మొదలుపెట్టాడు.

"పొద్దున లేచిన కాడికెళ్లి గిదే లొల్లి," అంది అక్క, నేను చెప్పులు విప్పకముందే. "గా బీరువా తలుపు వంకర్గుందట. ఇరవై ఏండ్ల సంది గట్లనే ఉంది, ఇయ్యాల కనబడ్డది."

అలాంటి రోజుల్లోనే బేగంపేట నుంచి ఒకాయన వచ్చాడు. అరవై దాటినవాడు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. వాళ్ల తాతగారు ఎప్పుడో విమానాల మరమ్మతు పనిలో ఉండేవారట. ఇంట్లో మిగిలింది ఒక మసక ఫోటో. అందులో సన్నటి మనిషి ఒకాయన చొక్కా చేతులు మడిచి, బల్ల మీద ఉన్న ఇంజను పక్కన నిలబడి ఉన్నాడు. ఆ ఇంజనుకు సిలిండర్లు మూడు వరసలు. ఒక వరస నిటారుగా, ఒకటి కుడికి వాలి, ఒకటి ఎడమకు వాలి.

"మా అమ్మ బతికుండగా దీన్ని చెక్కతో చేయించి ఇంట్లో పెట్టాలని నా కోరిక," అన్నాడాయన. "హ్యాండిల్ తిప్పితే లోపల ఏం జరుగుతుందో కనబడాలండీ. ఫోటోలో పైన పైనే ఉంది. లోపల ఏముందో నాకూ తెలీదు."

బావ ఒప్పుకున్నాడు. వచ్చినాయన వెళ్లగానే ఫోటో నా చేతికిచ్చాడు.

"టీచరమ్మా, గిది జూడు. మూడు వరసలు, షాఫ్ట్ ఒక్కటే. మూడు రాడ్లు ఒక్క పిన్నుకెట్ల బడ్తయ్?"

నాకు తెలియదని చెప్పాను. మామూలు కారు ఇంజనులో సిలిండర్లన్నీ ఒకే వరసలో ఉంటాయనీ, కొన్నిట్లో రెండు వరసలు ఒకదానికొకటి ఏటవాలుగా ఉంటాయనీ మాత్రం విన్నాను. సిలిండరు అనే గొట్టంలో పైకీ కిందికీ కదిలే పిస్టన్‌ను ఒక రాడ్డు కింద ఉన్న షాఫ్ట్‌కు, దాని నడిమికి కాస్త పక్కగా ఉన్న పిన్ను దగ్గర కలుపుతుంది, ఆ షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతుంది. అంతవరకే నా జ్ఞానం.

ఆ రోజు అక్కతో కూర్చోలేదు. బావ మూడు ఐస్‌క్రీమ్ పుల్లలు తెప్పించి, చివర్లకు రంధ్రాలు చేసి, మూడింటినీ ఒకే మేకుకు గుచ్చాడు. అవి ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. అంటే వరసలు కూడా ఒకదానికంటే ఒకటి కాస్త వెనక్కి జరిగి ఉండాలి. ఫోటోలో చూస్తే మూడు వరసలూ సరిగ్గా సమంగా ఉన్నాయి, ఏదీ వెనక్కి జరగలేదు.

"అయితే గిట్ల గాదు," అని పుల్లలు పక్కన పడేశాడు.

ఫోన్లో వెతికాం. అలా వెతకడంలో నాకు తెలియని ప్రపంచం ఒకటి తెరుచుకుంది. నాలుగు వరసలను ఇంటూ గుర్తులా అమర్చిన విమాన ఇంజన్లున్నాయి. రెండు షాఫ్టులను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్కోదానికి అటూ ఇటూ సిలిండర్లు పడుకోబెట్టినవి ఉన్నాయి. ఇప్పటి ఖరీదైన కార్లలో, చాలా దగ్గరగా వాలిన రెండు వరసల జంటలను రెండిటిని తెచ్చి ఒకే షాఫ్ట్ మీద కూర్చోబెట్టినవీ ఉన్నాయి. "గింత ఇరుకుల గిన్ని గొట్టాలెట్ల వెట్టిన్రో," అంటూ బావ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసేవాడు. వారం మధ్యలో కూడా నాకు ఫోన్ చేయడం షురూ చేశాడు. స్టాఫ్ రూములో నేను క్రాంక్ షాఫ్టుల గురించి మాట్లాడుతుంటే పక్కన సైన్స్ టీచరు దిద్దుతున్న పేపర్లు ఆపి వినేది.

మూడు వరసలదాని కిటుకు చివరికి దొరికింది. పిన్నుకు పట్టుకునేది నడిమి వరస రాడ్డు ఒక్కటే. దాని అడుగున ఇటూ అటూ రంధ్రాలున్న రెండు చెవులుంటాయి. పక్క వరసల రాడ్లు పిన్నును ముట్టుకోనే ముట్టుకోవు, ఈ చెవులకే తగులుకుంటాయి.

ఇంజను మొత్తం చేయడం ఎందుకు, కేకు ముక్క కోసినట్టు ఒక ముక్క చేద్దామనుకున్నాం. వరసకొక సిలిండరు, మూడు పిస్టన్లు, ముందు వైపు తెరిచి. కొలతలు నావి, కోత ఆయనది. అప్పటికి ఆయనకు మెట్లు దిగడానికి అనుమతి వచ్చింది. కర్ర పట్టుకుని ఒక్కో మెట్టు దిగి, పాత టేకు దూలం ఒకటి ఏరి పెట్టుకున్నాడు. పక్క రాడ్ల పొడవుకు నేను తేలిక లెక్క వేశాను. నడిమి పెద్ద రాడ్డు పొడవులోంచి పిన్నుకూ చెవికీ మధ్య దూరం తీసేస్తే చాలనుకున్నాను.

బిగించి హ్యాండిల్ తిప్పాం. నడిమి పిస్టన్ పైకి వచ్చి, గొట్టం అంచున గీసిన పెన్సిల్ గీతను సరిగ్గా ముట్టుకుంది. కుడిది గీతకు రూపాయి బిళ్ల మందం కింద ఆగిపోయింది. ఎడమదీ అంతే.

"నీ లెక్కనే తప్పు," అన్నాడు బావ.

"లెక్క తప్పు కాదు బావా. నువ్వు పొట్టిగ కోసినవేమో."

ఆ మాటకు ఆయన ముఖం మారిపోయింది. లేచి వెర్నియర్ కొలబద్ద తెచ్చి నా ముందు పెట్టి, "కొలువు," అన్నాడు. కొలిచాను. నేనిచ్చిన కొలతకు వెంట్రుకవాసి తేడా లేదు. నా కాగితం మళ్లీ చూసుకున్నాను. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. అక్క పైనుంచి అన్నానికి పిలిచింది. ఇద్దరం పలకలేదు. ఆయనకు నా మీద కోపం, నాకు ఆయన మీద కాస్త, ఆ చెక్క మీద ఎక్కువ.

నేనొక్కదాన్నే హ్యాండిల్ పట్టుకుని చీమ నడిచినంత మెల్లగా తిప్పాను. అంతవరకు ఇద్దరం పిస్టన్లనే చూస్తున్నాం. ఈసారి చెవిని చూశాను. పిన్ను కుడి సిలిండరు వైపు తిరిగేసరికి పెద్ద రాడ్డు నిటారుగా లేదు. దాని పైకొస నడిమి గొట్టంలోనే ఉంది కదా, అందుకని ఎడమకు వాలిపోయింది. తనతో పాటు చెవినీ పక్కకు లాగింది. పిన్ను, చెవి, పిస్టన్ ఒకే గీత మీదికి వస్తాయని నేను వేసిన లెక్క. పిస్టన్ పైకి చేరే వేళకు అవి రావు. మోచేయి కాస్త వంచితే, చెయ్యి చాచినప్పటి పొడుగు రానట్టే ఇదీ.

"బావా, ఇటు రా. పిస్టన్ను చూడకు. చెవిని చూడు."

ఆయన వంగి చూశాడు. హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకుని ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"రాడ్డు వంగుతుంటే చెవి సుత దాని ఎంబడి వోతుంది," అన్నాడు చివరికి. "నా కోత తప్పు గాదు."

"నా తీసివేతా తప్పు కాదు. అది ఇక్కడికి పనికొచ్చే లెక్క కాదు, అంతే."

ఆయన నవ్వాడు. అన్నం చల్లారిపోయిందని అక్క పైనుంచి తిట్టింది.

ఆ సాయంత్రం ఇంకో సంగతి కూడా బయటపడింది. దారం, పెన్సిల్ పెట్టి గుర్తులు వేస్తే, కుడి పిస్టన్, పిన్ను తనకు ఎదురుగా రాకముందే పైకి చేరుతోంది, ఎడమది పిన్ను దాటిపోయాక చేరుతోంది. పైకి అద్దంలో బొమ్మల్లా ఉన్న రెండు వరసలు ఒకేలా నడవడం లేదు. తర్వాత చదివితే తెలిసింది, అసలు ఇంజన్లు చేసినవాళ్లకు ఈ తేడాలన్నీ తెలుసు. రాడ్ల పొడవు సర్ది, నిప్పురవ్వ పడే వేళ సర్ది నెట్టుకొచ్చారు.

మేమూ పక్క రాడ్లు కాస్త పొడుగ్గా మళ్లీ చేశాం. పైన మూడు పిస్టన్లూ గీతను ముట్టుకున్నాయి. కింద మాత్రం పక్కవి రెండూ నడిమిదానికంటే పిసరంత ఎక్కువ దిగుతాయి. దాన్ని అలాగే వదిలేశాం.

బొమ్మ పూర్తయ్యాక ఇద్దరం ఆటోలో బేగంపేట తీసుకెళ్లాం. ఫోటో తెచ్చినాయన తల్లిగారు చక్రాల కుర్చీలో ఉన్నారు. చూపు తగ్గింది గానీ చేతులు స్థిమితంగా ఉన్నాయి. బొమ్మను ఆవిడ ఒళ్లోకి దగ్గరగా జరిపాం. గొట్టాలను ఒక్కొక్కటే తడిమి, హ్యాండిల్ పట్టుకుని తిప్పారు. మూడు పిస్టన్లు ఒకదాని వెనక ఒకటి లేచి దిగాయి. ఆవిడ కుడిచేయి ఎత్తి మూడు వేళ్లు విడదీసి చూపించారు.

"మా నాన్నగారు పనినుంచి వచ్చి ఇలా వేళ్లు పెట్టి ఆడించేవారమ్మా. ఒకటి నిటారుగా, రెండు పక్కలకి. మేం పిల్లలం, ఏదో ఆటనుకుని మేమూ ఆడించేవాళ్లం. ఇన్నేళ్లూ అది ఆటే అనుకున్నాను."

వాళ్లబ్బాయి కిటికీ వైపు తిరిగాడు. బావ ఆవిడ పక్కన, ఆ మోకాలితోనే, మెల్లగా కింద కూర్చున్నాడు. హ్యాండిల్ కొంచెం తిప్పి ఆపాడు.

"గీ చెవి జూడుండ్రి పెద్దమ్మా. అసలు కథంత గీడనే ఉంది," అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆ చెక్క చెవి దొరికేదాకా వేలితో వెతుక్కుని, పట్టుకుని, విన్నారు. కాఫీ రెండుసార్లు వచ్చింది.

ఇప్పుడు బావకు కాలు బాగైంది, పని మామూలే. నేను వెళ్లేసరికి మాత్రం బల్ల మీద ఏదో ఒకటి ఉంటుంది. ఈమధ్య త్రికోణం ఇంజను పట్టుకున్నాడు. పడవల్లో, రైళ్లలో వాడారట. మూలకొక షాఫ్ట్, ఒక్కో గొట్టంలో ఎదురెదురుగా రెండు పిస్టన్లు. మూడు షాఫ్టుల్లో ఒకటి మిగతావాటికి ఎదురు దిశలో తిరగాలట. ఎందుకో మాకింకా పూర్తిగా పట్టుబడలేదు. పోయిన ఆదివారం అట్టముక్కలతో ఒకటి కట్టాం, సగం తిరిగి ఇరుక్కుపోయింది. అక్క టీ గ్లాసులు పెట్టడానికి బల్ల మీద చోటు లేక, మా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఆ ఇరుక్కున్న మూల వైపే చూస్తూ తన టీ తాగింది.