వణుకా, ఊగడమా?

కృపాకుమారి కంబదూరులో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్. చిన్నప్పటి నుంచీ చర్చి కూటాల్లో, బయటి నుంచి వచ్చే పాస్టర్ల ఇంగ్లీషు ప్రసంగాలను తెలుగులో చెప్పేది ఆమే. పాస్టరు నోరు తెరిచేలోపే తర్వాతి మాట తెలిసిపోయేది. అందుకే సైన్సు దినోత్సవానికి పుణె నుంచి శాస్త్రవేత్త వస్తున్నాడనగానే ప్రిన్సిపాల్ ఎర్రిస్వామి ఆమెను పిలిచాడు.

“ఏముండాది మేడమ్, ఆయప్ప చెప్పిందే మీరు తెలుగులో చెప్పేది!”

తీరా స్టేజీ ఎక్కాక మొదటి వాక్యంలోనే తడబడింది. మన ఒంట్లోని ప్రొటీన్లు ఎప్పుడూ కంపిస్తుంటాయట. పిల్లలకు అర్థం కావాలని “వణుకుతాంటాయి” అంది.

“జ్వరమొచ్చినాదా మేడమ్?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

ఎందుకు నవ్వుతున్నారో తెలియక శాస్త్రవేత్తా నవ్వి, చెప్పుకుపోయాడు. ప్రొటీనులో పరమాణువుల మధ్య బంధాలు మహా వేగంగా అదురుతాయి. పెద్ద భాగాలు మాత్రం కలిసికట్టుగా, నిదానంగా ఊగుతాయి. ఆ ఊగడం ఏ వైపుకో, చాలాసార్లు ప్రొటీను ఆకారం మారేదీ ఆ వైపుకే.

కృపాకుమారి వణుకు వదిలేసి ‘ఊగడం’ పట్టుకుంది. అంతలోనే అనుమానం. ఊగేది మళ్లీ మొదటి చోటికే వస్తుంది కదా, మారింది మారినట్టే నిలబడుతుంది కదా, రెండింటికీ పొత్తెలా? నోరు చెప్పుకుపోతోంది గానీ ఏం చెబుతోందో తనకే తెలియడం లేదు. ఇన్నేళ్లూ పాస్టర్ల మాటలైనా అర్థమయ్యే చెప్పానా అనిపించింది.

ముందు వరుసలో బైపీసీ అమ్మాయి చౌడేశ్వరి లేచింది.

“ఊగుతాండాది కాబట్టి మారుతాదా మేడమ్, మారాల కాబట్టి ఊగుతాండాదా?”

ఆయన గడ్డం గోక్కుంటూ చాలాసేపు జవాబు చెప్పాడు. అందులో కృపాకుమారికి దొరికింది కొంచెమే, అదే చెప్పింది.

“ప్రొటీనుకు ఏదన్నా వచ్చి అతుక్కుంటే, ఆ పక్కకే మారి నిలబడొచ్చంట. చుట్టూ ఉండే నీళ్లు ఆ ఊగేదాన్ని అణిచేస్తాంటాయంట. అందుకే ఊగేదే కారణమా అంటే... సారోళ్లే ఇంకా వాదులాడుకుంటాండారంట.”

ఎర్రిస్వామి గబగబా చప్పట్లు కొట్టేశాడు.

బయట కారు దగ్గర చౌడేశ్వరి మళ్లీ పట్టుకుంది.

“మీకర్థమైనాదా మేడమ్?”

“లేదే. నీకు?”

“నాకూ లే. ఇంగోసారి అడగండి.”

కారెక్కబోతున్న ఆయన్ని కృపాకుమారి అడిగింది. డ్రైవరు హారన్ కొడుతున్నా ఆయన డోరు మూసి, కాగితం తీసి బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. ఈసారి ఆమె తెలుగు చేయలేదు. “అంటే?” అని తనే అడుగుతూ పోయింది.