ప్రార్థన అయ్యేవరకు

ఆ రోజుల్లో మా దీవుల్లో విలువైనది ఏదైనా ఓడలోనే రావాలి. ఉల్లిపాయలు ఓడలో వచ్చేవి, సినిమా రీళ్ళు ఓడలో వచ్చేవి, పాతబడిన పేపర్లు ఓడలో వచ్చి కొత్తవాటిలా అమ్ముడుపోయేవి, పెద్ద ఆఫీసర్లు ఓడలో వచ్చేవాళ్ళు. ఇక్కడే పుట్టినవి చేపలు, కొబ్బరికాయలు, మేము. (వాటిలో చేపలకు కొంత గిరాకీ ఉండేది.) మా అయ్య కూడా శ్రీకాకుళం వైపు నుంచి ఓడలోనే వచ్చాడు గానీ, అన్నిటికన్నా చవకైన బంకు క్లాసులో వచ్చి వల వేసుకుని బతికేవాళ్ళు ఆ లెక్కలోకి రారు.

మా అక్క పోయి మూడు నెలలైంది. మొన్న, పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదుటి ఒడ్డునున్న మా బాంబూఫ్లాట్‌లో సంతాపసభ పెట్టారు. ఒకాయన ఆమెను గానకోకిల అన్నాడు. అక్క వింటే "కోకిలనని ఇంక్రిమెంటేమైనా ఇచ్చారేటిరా?" అని అడిగేది. దుఃఖం గురించి గొప్పవాళ్ళు రాసిన పుస్తకాలు నా దగ్గర ఒక అలమరా నిండా ఉన్నాయి. ఈ మూడు నెలల్లో వాటిలో ఒక్కటీ పనికి రాలేదు. పాత సంగతి ఒకటి మాత్రం గుర్తొచ్చి అప్పుడప్పుడు నవ్వు తెప్పిస్తోంది. అది రాస్తున్నాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో అప్పట్లో తెలుగువాళ్ళ సంగీత సభ ఒకటి ఉండేది. అందులో ఎక్కువమంది మెయిన్‌ల్యాండ్ నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లు. నేను హార్బరు ఆఫీసులో కొత్త గుమాస్తాని, సభకు జాయింట్ సెక్రటరీని. అంటే కుర్చీలు వేసేవాణ్ణి, తీసేవాణ్ణి. మెయిన్‌ల్యాండ్‌లోని ఒక పెద్ద సంగీత సంస్థ, కొత్తగా పైకొస్తున్న గాయకులను దూరపు ఊళ్ళకు పంపేది. ఓడ చార్జీ మొత్తం, సంభావనలో సగం వాళ్ళే భరించేవాళ్ళు. తక్కిన సగం, భోజనం, పడక మావి. వాళ్ళు పంపిన పేర్లలోంచి ఏడాదికొకరిని మేం ఎంచుకునేవాళ్ళం. కచేరీ ఒక్క సాయంత్రమే. కానీ ఓడ నికోబార్లన్నీ తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరేదాకా ఆ గాయకుడికి వేరే దారి లేదు. మొదటి వారం అందరూ అతన్ని భోజనానికి పిలిచేవాళ్ళు. రెండో వారం అతను ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాడని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు. ఒక వేణువు కుర్రాడైతే మూడో వారానికల్లా నాతోపాటు కుర్చీలు మోయడం నేర్చుకున్నాడు.

కచేరీకి ముందు ప్రార్థన పాడేది మా అక్క. ప్రార్థనకు ఓడ చార్జీ అక్కర్లేదు కనక ఇక్కడివాళ్ళు సరిపోతారు. సభ అధ్యక్షులవారు పెద్ద ఇంజనీరు, క్రమశిక్షణ గల మనిషి. అక్క పాడుతుంటే జనం కుర్చీలు లాక్కోవడం చూసి ఆయన ఒక నియమం పెట్టారు. ప్రార్థన మొదలవగానే తలుపులు మూసెయ్యాలి, అందరూ లేచి చేతులు జోడించి, అయ్యేవరకు కదలకుండా నిలబడాలి. అదేమంత కష్టం కాదు. రెండు పాదాల శ్లోకం. తర్వాత అక్క వేదిక దిగి ఆఖరు వరసలో కూర్చునేది. మూడేళ్ళు అలాగే జరిగింది.

అక్కకు సంగీతం నేర్పింది మా పక్కింటి విజయనగరం పిన్నిగారు. పొద్దున్నే పాఠం, బదులుగా మా అమ్మ నీళ్ళు మోసిపెట్టేది. పిన్నిగారి భర్తకు బదిలీ అయ్యాక అక్కకు గురువు రేడియోనే. మద్రాసు నుంచి వచ్చే కచేరీ మా సముద్రం దాటేసరికి సగం గాలిలోనే పోయేది. మంచి సంగతి వస్తుందనగా గరగరమని మోత, తేరుకునేసరికి పాట ఇంకోచోట ఉండేది. ఆ మధ్యలో పోయిన ముక్కను అక్క తనే కల్పించుకుని పాడుకునేది. బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పి వచ్చి, సాయంత్రం చేపలు శుభ్రం చేస్తూ అదే సాధన.

ఒకరోజు బాంబూఫ్లాట్ బోటులో వస్తుండగా అడిగింది.

"ఒరే తమ్ముడూ, మీ సభకి నన్ను పిలవకూడదేటి?"

"ప్రతిసారీ పిలుస్తూనే ఉన్నాం కదే!"

"ప్రార్థనకి కాదురా. మధ్యలో కూకుని, ఇటు ఫిడేలు, అటు మృదంగం ఎట్టుకుని ఒక్క కచేరీ. మొదటి నుంచి ఆఖరి దాకా. నాకు శాలువా వద్దు, సంభావనా వద్దు."

నేను అధ్యక్షులవారి దగ్గర ఆ మాట ఎత్తాను. ఆయన కోప్పడలేదు. ఓపిగ్గా చెప్పారు. "లోకల్ టాలెంట్‌కి స్కీములో ప్రొవిజన్ లేదయ్యా. ఓడ చార్జీ లేనిదే గ్రాంటు లేదు, గ్రాంటు లేనిదే కచేరీ లేదు. అయినా మీ వాళ్ళకి ప్రార్థన ఇస్తున్నాంగా!"

సభ సెక్రటరీ ఒక స్కూలు మాస్టారు. దేనికైనా ఒక దారి చెప్పేవాడు కనక మేమంతా ఉపాయం మాస్టారనేవాళ్ళం. ఆయన బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఓడ ఎక్కాలన్నారు గానీ ఎక్కడ పుట్టాలో చెప్పలేదు కదా భయ్యా! మీ అక్కని విశాఖ పంపించు. అక్కడ వాళ్ళ ముందు పాడనీ. ఎంపికైతే ఓడ చార్జీ ఇచ్చి వాళ్ళే మనకి పంపిస్తారు. ఖేల్ ఖతం."

అయ్య ఒప్పుకున్నాడు. "సముద్రం మీద బతికినోళ్ళం, మన గుంటకి ఓడంటే బయ్యమేటి? ఎల్లనీ!" అన్నాడు. ఆ గుంట, అంటే మా అక్క, దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ వెళ్ళింది. (అయ్య ఈ సంగతి చచ్చేదాకా ఎవరికీ చెప్పనివ్వలేదు. పరువు పోతుందనేవాడు.) విశాఖలో పెద్దమ్మ ఇంట్లో దిగి, సంస్థ పెద్దల ముందు పాడింది. ఒకచోట వాళ్ళు ఆపి, "ఈ సంగతి మేమెప్పుడూ వినలేదే. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడిగారట. అది రేడియో మింగేసిన చోటు. అక్క సిగ్గుతో తల వంచుకుంది. అయినా ఎంపిక చేశారు. అక్క పెద్దమ్మ ఇంటి చిరునామా ఇచ్చి, బడికి సెలవు పెట్టి, పిలుపు వచ్చేదాకా అక్కడే ఆగింది.

మా సభకు ఆ ఏటి పేర్లు వచ్చినప్పుడు అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "విశాఖపట్నం అమ్మాయట. మంచి సంప్రదాయం ఉన్న చోటు. ఈమెను పిలుద్దాం" అన్నారు. మాస్టారు నా కాలు తొక్కాడు. ఆయన చదివింది మా అక్క పేరే. మూడేళ్ళుగా ఆమె ప్రార్థనకు చేతులు జోడించి నిలబడ్డ మనిషి, ఒక్కసారి కూడా ఆమె పేరు అడగలేదు. అదే మాకు కలిసొచ్చిందని ఆ రోజు నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒక్కచోట నవ్వు రావడం లేదు.

ఓడ వచ్చిన రోజు అధ్యక్షులవారు దండ పట్టుకుని జెట్టీకి స్వయంగా వచ్చారు. అక్క పీక్కుపోయిన మొహంతో, రేగిన జుట్టుతో, ట్రంకుపెట్టె మోసుకుంటూ మెట్లు దిగింది. ఆయన ఆమె తల మీదుగా వెనక్కి చూస్తున్నారు. ఎవరూ రాకపోయేసరికి ఆమెనే అడిగారు.

"నువ్వూ ఈ ఓడలోనే వచ్చావా? మంచిది. విశాఖ నుంచి గాయని రావాలి, ఎక్కడైనా కనిపించిందా? అన్నట్టు, రేపు ప్రార్థనకి వచ్చెయ్."

"అలాగేనండి" అంది అక్క. "ప్రార్థన పాడి, తర్వాతది కూడా నేనే పాడేస్తానండి."

ఆయన ఖాళీ అయిన ఓడ మెట్ల వైపు మరోసారి చూశారు. తర్వాత పక్కనే ఉన్న మాస్టారి వైపు తిరిగారు. "వాట్ ఈజ్ దిస్? చీటింగ్!"

"చీటింగేముంది సర్? ఓడ దిగింది కదా" అన్నాడు మాస్టారు.

అప్పటికే బోర్డు రాయించి ఊరంతా చెప్పేశారు, కచేరీ ఆపడానికి లేదు. దండ మాత్రం అక్క మెడలో పడలేదు. ప్యూను చేతికిచ్చి, "వేదిక మీద పటానికి వెయ్యి" అని జీపెక్కారు.

మర్నాడు సాయంత్రం బాంబూఫ్లాట్ సగం బోటెక్కి వచ్చింది. అయ్య పెళ్ళికి కట్టుకున్న పంచె కట్టాడు. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక నేల మీద మావాళ్ళు. పోస్టాఫీసులో పనిచేసే ఫిడేలాయన, కరెంటాఫీసులో పనిచేసే మృదంగం తమిళాయన సిద్ధంగా ఉన్నారు. అక్క మధ్యలో కూర్చుని, ప్రార్థన లేకుండా నేరుగా కచేరీ మొదట పాడే వర్ణమే ఎత్తుకుంది. ముందువరస మొత్తం లేచి చేతులు జోడించింది! అలవాటు. వాళ్ళను చూసి వెనకవాళ్ళూ లేచారు. వర్ణం సాగుతోంది, జనం నిలబడే ఉన్నారు. ఒకావిడ పక్కావిణ్ణి అడగడం నాకు వినిపించింది. "ప్రార్థన ఇంత లంబా ఏమిటి? ఆర్టిస్ట్ కబ్ ఆయేగా?"

వెనక నుంచి అయ్య గొంతు. "వచ్చీసింది దీదీ! అదిగో, అదే పాడతంది. కూకోండి!"

కూర్చున్నారు. ఆ తర్వాత కూడా చాలాసేపు కొందరు తలుపు వైపు చూస్తూనే ఉన్నారు. అక్క అవేవీ పట్టించుకోలేదు. రెండు కీర్తనలయ్యాయి. కాంభోజి ఆలాపన మొదలుపెట్టింది. అంతవరకు మా ఇంట్లో చేపల కత్తిపీట ముందు విన్న రాగమే. అక్కడ విన్నప్పుడు అది అంత పెద్దదని నాకు తెలియలేదు. ఫిడేలాయన తన వంతు ముగించాడు. ఇక కీర్తన ఎత్తుకోవాలి. సరిగ్గా అప్పుడే బాంబూఫ్లాట్ చివరి బోటు టైమైంది. అది తప్పితే మళ్ళీ పొద్దున్నే. మావాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, నడుము వంచి, ఒక్కొక్కళ్ళే చప్పుడు కాకుండా బయటికి పోతున్నారు. అయ్య మాత్రం కదల్లేదు.

అధ్యక్షులవారు వెనక్కి తిరిగి చూశారు. జనం లేస్తున్నారు. ఆయన కూడా లేచి, వేదిక ఎక్కి, మైకు తన వైపు తిప్పుకున్నారు. కచేరీ అయిపోయిందని నిజంగానే అనుకున్నారో, అనుకోకుండానే వెళ్ళారో నాకు ఈనాటికీ తెలియదు. "మన లోకల్ అమ్మాయి ఇంత చక్కగా పాడుతుందని ఎవరం ఊహించలేదు" అన్నారు. చప్పట్లు కొట్టించారు. వెంటనే జాతీయ గీతం అన్నారు. దాని ముందు ఎవరేం చేస్తారు? కీర్తన కోసం కమాను ఎత్తిన ఫిడేలాయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అక్క కూడా లేచి నిలబడి జనగణమన పూర్తిగా పాడింది.

ఆ రాత్రి మేం ముగ్గురం మాస్టారి వరండాలో పడుకున్నాం. "ఆ పెద్ద పాట మొదలెట్టి ఆపీసినావేటమ్మీ?" అన్నాడు అయ్య.

"నేనాపలేదయ్యా" అంది అక్క.

సంస్థ వాళ్ళు ఒక గాయనిని ఒక ఊరికి ఒక్కసారే పంపుతారు. కాబట్టి ఇక్కడ ఆమె వంతు అయిపోయింది. వేరే ఊళ్ళకు పంపమని మాస్టారు అడిగితే, మెయిన్‌ల్యాండ్ నుంచి దూరపు ఊళ్ళకు పంపడానికే చార్జీ ఇస్తాం గానీ దూరపు ఊళ్ళ నుంచి మెయిన్‌ల్యాండ్‌కు రావడానికి ఇవ్వం అన్నారు. వాళ్ళ మాట న్యాయంగానే ఉంది. అధ్యక్షులవారి మాట కూడా న్యాయంగానే ఉంది. మా అక్క కచేరీని అడ్డుకున్నవాళ్ళలో అన్యాయస్థుడు ఒక్కడూ లేడు.

మరుసటి ఏడు కాకినాడ నుంచి ఒక గాయని వచ్చింది. అధ్యక్షులవారు నన్ను పిలిచి, "ప్రార్థనకి మీ అక్కకి చెప్పు" అన్నారు, ఏమీ జరగనట్టు. అక్క తిడుతుందనుకుంటూ చెప్పాను. ఆమె కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"తలుపులేస్తారు కదరా?"

"వేస్తారు."

"అందరూ నిలబడతారు కదా?"

"నిలబడతారు."

"ప్రార్థన మొదట్లోనే కాబట్టి బోటుకి చాలా టైముంటది. మనోళ్ళందర్నీ రమ్మను."

కాకినాడ గాయని వేదిక మీద ఒక పక్కన తంబురా మీటుతూ కూర్చుంది. తలుపులు మూశారు. అందరూ లేచి చేతులు జోడించారు. అక్క మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. శ్లోకం పాడలేదు. కిందటి ఏడాది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ఎత్తుకుంది. కాంభోజి కీర్తన, పల్లవి. తమిళాయన అధ్యక్షులవారి మొహం చూశాడు, అక్క మొహం చూశాడు, తర్వాత మృదంగం మీద చెయ్యి వేశాడు. పల్లవి అయింది, అనుపల్లవి అయింది, చరణం వచ్చింది. ఆఫీసర్లు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు. ఒకాయన కూర్చోబోయి, అధ్యక్షులవారు నిలబడే ఉండడం చూసి మళ్ళీ లేచాడు. ఆయన పెట్టిన నియమం కనక ఆయన కూర్చోలేరు. ప్రార్థన కనక ఆపమనలేరు. జోడించిన చేతుల వెనక ఆయన మొహం ఎర్రబడి, చెమట పట్టి, చివరికి వట్టి అలసటగా మారింది. అక్క నెరవు పాడింది. స్వరాలు వేసింది. వెనక అయ్య ఒంటికాలి మీద కూడా నిలబడేలా ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. అన్నేళ్ళలో ఆ హాల్లో చివరిదాకా అందరూ విన్న పాట అదొక్కటే.

ముగించి, అక్క దణ్ణం పెట్టి వేదిక దిగబోయింది. కాకినాడ అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. "చరణంలో ఆ సంగతి ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?"

"రేడియో ఆగిపోయిన చోటమ్మా" అంది అక్క. వెళ్ళి ఆఖరు వరసలో కూర్చుంది.

ఆ తర్వాతి మీటింగులో ప్రార్థన జాతీయ గీతం కంటే పొడవు ఉండకూడదని తీర్మానం చేశారు. దాన్ని రాసింది నేనే. (చేతిరాత బాగుందని అధ్యక్షులవారు మెచ్చుకున్నారు.) అక్కను మళ్ళీ పిలవలేదు. ఆమె ఫెరార్గంజ్ బడికి మారి, రిటైరయ్యేదాకా పిల్లలకు ఎక్కాలు చెప్పింది. పూర్తి కచేరీ ఎప్పుడూ జరగలేదు. ఒక ఏడు మొదటి సగం, మరుసటి ఏడు రెండో సగం. అంతే దొరికింది.

మొన్నటి సంతాపసభలో ఒక చిన్నమ్మాయి ప్రార్థన పాడింది. ఇప్పటి పిల్లలకు తెలుగు చదవడం రాదు, హిందీ అక్షరాల్లో రాసుకుని పాడింది. రెండు పాదాలు. అందరూ నిలబడ్డారు, అందరూ కూర్చున్నారు. కాసేపటికి వెనక కుర్రాడెవరో నా చొక్కా పట్టుకుని మెల్లగా లాగాడు.

"కూర్చోండి తాతగారూ. ప్రార్థన అయిపోయింది."

చూస్తే హాల్లో నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే, చేతులు జోడించుకుని. నా మోకాళ్ళకు ఇప్పుడు అంతసేపు నిలబడడం మంచిది కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట అక్కతో అంటే ఎలా నవ్వేదో తెలుసు కనక, నాకూ కొంచెం నవ్వు వచ్చింది. కూర్చున్నాను.