పన్ను ఆరేదాకా

నాకు ఓపిక తక్కువ. పళ్ల డాక్టరుకి ఉండకూడని గుణం అదేనని తెలుసు, తెలిసినంత మాత్రాన పోతుందా? అరసవల్లి రోడ్డులోని నా క్లినిక్‌కి చేపల వేటకు వెళ్లే మావ ఒకాయన వచ్చేవాడు. వలలు బాగుచేస్తూ నైలాన్ దారాన్ని ముందుపన్నుతో కొరికి కొరికి ఆ పన్నును చంపేసుకున్నాడు. రూట్ కెనాల్ నేనే చేశాను. ఏడాది తిరిగేసరికి పన్ను నల్లబడింది. అప్పటినుంచి నవ్వొస్తే చాలు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు.

ఆయన కూతురు విజయనగరంలో నర్సింగు చదువుతోంది. పట్టా ఇచ్చే రోజు తల్లిదండ్రుల్ని స్టేజీ ఎక్కిస్తారట.

"ఆ రోజు తువ్వాలొద్దు నానా అంటన్నాది. ఏటి సేత్తావో సెయ్యి బావూ" అన్నాడు.

పన్ను వెనక చిన్న కన్నం చేసి, లోపల తెల్లబరిచే మందు పెట్టి, వారానికోసారి మార్చాను. పన్ను ముత్యంలా తయారైంది. ఆ సంబరంలో అదే రోజు కన్నం పూడ్చేశాను. మందు వదిలిన ఆక్సిజన్ పంటిలో కొన్నాళ్లుంటుంది, అది పోయేదాకా ఫిల్లింగ్ సరిగ్గా అతుక్కోదు, రెండు వారాలు ఆగాలి. అన్నీ చదివినవే. పాపం, మళ్లీ మళ్లీ బస్సెక్కి ఏం వస్తాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నెల తిరక్కుండానే ఫిల్లింగ్ చుట్టూ గోధుమరంగు గీత పడింది. అంచు వదిలి లోపలికి తడి దిగింది, పన్ను మళ్లీ మసకబారుతోంది. పట్టా రోజు ఇంకా రెండు వారాలే. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదే మావా, తొందరపడ్డాను" అని కారణం చెప్పాను.

తిడతాడనుకుంటే, తువ్వాలు మరిచిపోయి పకపకా నవ్వాడు.

"తడారని నావకి తారు పూస్తే అంటుతాదేటి? దీనికింత సదువేటి బావూ! నన్నడిగితే సెప్పీవోడిని కదా!"

పాత ఫిల్లింగ్ తీసి, వారం పాటు మళ్లీ మందు పెట్టాను. పన్ను తెల్లబడ్డాక కన్నానికి తాత్కాలికంగా మూత వేశాను. వెనకవైపు కాబట్టి పైకి కనబడదు. దారం మాత్రం కొరకొద్దని చేతులు జోడించాను. కత్తెర మొలతాడుకి కట్టుకుంటానన్నాడు.

చెప్పినట్టే రెండు వారాలు ఆగి, అసలు ఫిల్లింగ్ కోసం వచ్చాడు. కత్తెర మొలతాడుకే వేలాడుతోంది. కుర్చీలో కూర్చుని ఫోన్ నా చేతికిచ్చాడు. స్టేజీ మీద కూతురి పక్కన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. తువ్వాలు కూతురి గుప్పిట్లో ఉంది, ఎక్కడ లాక్కుంటాడో అన్నట్టు వీపు వెనక్కి దాచి పట్టుకుంది.

"ఆరిందేటి బావూ?" అని ఆయనే అడిగాడు.

"ఆరింది మావా" అన్నాను.