గడిలో పడుగు తెంపింది నేనే

మా చిన్నప్పుడు వాన పట్టుకుందంటే మా వీధి నేతపని అంతా దొర గడిలోకి, ఆ కోటలాంటి పాత ఇంట్లోకి మారేది... ఎండ రోజుల్లో అయితే పడుగు వీధిలోనే చాపేవాళ్లు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నీ పొడుగ్గా లాగి కట్టాలి, గంజి పట్టించాలి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. వానలో అంత జాగా ఎక్కడిది? దొర ఎప్పుడో పట్నం పోయాడు, గడి ఖాళీ. ఆ పొడుగాటి సావడిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా మా నాయిన పడుగు ఉండేది.

గడి వెనక దొడ్డిలో బీరయ్య మామ గొర్రెల మంద. మామ అంటే చుట్టం కాదు, గొర్లు కాసే కురుమాయన, పండగలకు డోలు కొట్టేవాడు. నాయిన ఆయన్ని బావా అనేవాడు కాబట్టి నేను మామా అనేదాన్ని. సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒకే బీడీ కట్ట ఖాళీ చేసేవాళ్లు.

"నీ గొర్లకంటె నీకే వాసనెక్కువ బావా" అనేవాడు నాయిన.

"నీ గంజి కంపు ముంగట నా గొర్లెంత తియ్" అని ఆయన.

తెలంగాణ వచ్చిన కొత్త. నేను ఐదో తరగతి. ఆ మధ్యాహ్నం నాయిన అన్నానికి ఇంటికి పోతూ, "జర పడుగు దిక్కు చూస్తుండు బిడ్డా, దగ్గరికైతే పోకు" అన్నాడు. పోకు అంటే ఆగే రకమా నేను... స్తంభం పట్టుకుని గిరగిరా తిరిగాను. కళ్లు తిరిగి నేరుగా పడుగు మీద పడ్డాను. తడి పోగులు కాళ్లకు చుట్టుకున్నాయి. లేవబోతే ఇంకా తెగాయి. నాయిన ఎన్నో రోజుల కష్టం అది...

మంద గుట్ట మీదికి మేతకు పోయింది. కుంటి గొర్రె ఒక్కటే దొడ్డిలో కట్టేసి ఉంది. నేను పోయి దాని తాడు విప్పాను. అవును, నేనే విప్పాను. సావడిలోకి లాక్కొచ్చి వదిలాను. గంజి అంటే గొర్రెకు ప్రాణం కదా, అది పోగులు నాకుతూ నిలబడింది.

నాయిన వచ్చేసరికి ఏడుస్తున్నాను. ఏడుపు మాత్రం నిజమే...

"గొర్రె చొచ్చింది నాయినా."

సాయంత్రం బీరయ్య మామ వచ్చేటప్పటికి మా వీధి మగవాళ్లంతా సావడిలో నిలబడి ఉన్నారు.

"నేను కట్టేసే పోయిన బావా."

"కట్టేస్తే గిట్లెట్ల వస్తది? నా బిడ్డ అబద్ధమాడుతదా?"

ఆ బిడ్డ నాయిన వెనకే, ఆయన చొక్కా పట్టుకుని నిలబడి ఉంది...

"ఇగ నీ మంద గడిలకు రావద్దు" అని అందరూ అన్నారు. బీరయ్య మామ కాసేపు తెగిన పోగుల వైపు చూశాడు. "సరే. నేను గూడ రాను" అని మందను తోలుకుని వానలోనే పోయాడు. ఆ వానాకాలం గొర్రెలు బయటే తడిశాయి, మూడు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. మరుసటేడు మంద అమ్మేసి కూలికి పోవడం మొదలుపెట్టాడు. నాయినా ఆయనా మళ్లీ మాట్లాడుకోలేదు. ఎదురుపడితే ఇద్దరూ తలలు పక్కకు తిప్పుకునేవాళ్లు.

దెబ్బలకు భయపడి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ మా నాయిన జన్మలో నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు... రెండేళ్ల కింద ఆయన పోయాడు. అప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ గడిని బాగుచేశారు. సావడిలో పిల్లలకు పాటలు, బొమ్మలు, మగ్గం నేర్పిస్తారట. వెనక గదుల్లో ఒంటరి ముసలివాళ్లు పగలంతా కూర్చోవచ్చు, ఇంట్లో కష్టమున్న ఆడవాళ్లు వచ్చి మనసులోది చెప్పుకోవచ్చు. గడితో మీ జ్ఞాపకం ఒక పేజీ రాసివ్వండి, గోడకు పెడతాం అన్నారు. వాన చప్పుడు, గంజి వాసన, నాయిన చేతిలో కుంచె... చక్కగా రాసిచ్చాను. అందరూ మెచ్చుకుంటే సిగ్గు లేకుండా మురిసిపోయాను కూడా.

అప్పుడే అక్కడి పని చూసుకునే అక్క అడిగింది. "పిల్లలకు డోలు నేర్పమంటె బీరయ్య రానంటుండు. గడిలకు రానని మాటిచ్చిండంట. ఏం మాటనో నీకెరుకనా?"

"నాకెరుక లేదక్కా" అన్నాను.

ఐదో తరగతిలో ఆడిన అబద్ధానికి చిన్నతనం అని సాకు ఉంది. దీనికి ఏముంది? ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే బీరయ్య మామ ఇంటికి పోయి, తాడు విప్పిన సంగతితో సహా అంతా చెప్పేశాను.

ఆయన, "నేనే ముడి మంచిగెయ్యలేదనుకున్న బిడ్డా ఇన్నేండ్లు" అన్నాడు. తర్వాత మెల్లగా, "మీ నాయినున్నప్పుడు జెప్పకపోతివి... మేమిద్దరం మాట్లాడుకునేటోళ్లం" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

గడికి రమ్మని బతిమాలాను. "నేను మాటిచ్చింది నీకు గాదు గద. రావద్దన్నోళ్లు పిలిస్తె వస్త" అన్నాడు.

అందుకే ఇది ఇక్కడ ఆన్‌లైన్‌లో, అందరూ చూసేలా రాస్తున్నాను. గడి గోడ మీది నా పేజీ తీసేసి దీన్ని పెట్టమని అక్కకు చెప్పాను. ఆ సాయంత్రం సావడిలో నిలబడ్డ మా వీధి పెద్దలారా... తప్పు ఆయనది కాదు, ఆ గొర్రెది కాదు, నాది. దయచేసి ఆయన ఇంటికి పోయి పిలవండి.

గడికి కొత్త సున్నం వేశారు, కూలిన గోడలు మళ్లీ లేచాయి... మెట్ల మీద మాత్రం మా నాయిన లేడు. మీకూ ఇలా ఎవరికీ చెప్పని చిన్ననాటి సంగతి ఉంటే కింద రాయండి. కానీ ఆ మనిషి ఇంకా బతికి ఉంటే, ముందు వాళ్లింటికి పోయి చెప్పి వచ్చాకే రాయండి...