ఇల్లు మార్చుకుంటేనే సీటు

మా డేటా సెంటర్లో ఏ మెషీన్ ఎక్కడుందని ఇప్పుడు ఎవరూ అడగరు. ఒకప్పుడు సర్వర్ అంటే ఒక ఇనుపపెట్టె. ఇప్పుడు ఒక్కో పెట్టెలో బోలెడు మెషీన్లు అద్దెకున్నట్టు ఉంటాయి. ఒక పెట్టె మొరాయిస్తుందనిపిస్తే అందులోని మెషీన్‌ను నడుస్తుండగానే ఇంకో పెట్టెలోకి మారుస్తాం. దాని అడ్రస్ దానికే ఉంటుంది. వాడుకునేవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఇంత పెద్దమనసున్న వ్యాపారంలో, నేను ఎక్కడుంటానన్నది మాత్రం మా మేనేజర్‌కు పెద్ద సమస్య అయింది.

నేను అక్కడ నెట్‌వర్క్ పని చేసేదాన్ని. ఏళ్ల తరబడి, మెషీన్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ల ముందు నిలబడి, ఒక్కొక్కదానికి ల్యాప్‌టాప్ తగిలించి, ఒకే సంగతిని అన్నిటికీ విడివిడిగా చెప్పాను. ఆ చలిగదిలో స్వెట్టర్ వేసుకుని ఉంటే బయట ఎండాకాలమన్న మాటే మర్చిపోయేదాన్ని. తర్వాత ఆ పనంతా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. ఒక్కచోట కూర్చుని ఒక్కసారి చెబితే స్విచ్‌లన్నీ వింటాయి. దాని కోసం కొత్త టీమ్ కడుతున్నారు, పాత టీమ్‌ను మెల్లగా మూసేస్తారు. కొత్తదాంట్లో చోటు దొరక్కపోతే నా కథ కంచికే. కోడ్ రాయడం నేర్చుకున్నాను, పరీక్ష రాశాను, పాసయ్యాను. ఇక మిగిలింది మేనేజర్ మాట.

ఆయన నన్ను పిలిచి, కుర్చీ చూపించి, మెత్తగా మొదలుపెట్టాడు.

"నీ పనికి వంక లేదమ్మా. కానీ ఇది ఇంటి నుంచి చేసే డ్యూటీ. మీ పాతబస్తీల రోజూ ఏదో ఒక లొల్లి. కరెంట్ పోతది, నెట్ పోతది. గచ్చిబౌలి దిక్కు రూం తీస్కో, టీమ్‌ల వేస్తా."

"గచ్చిబౌలిల నెట్ పోదా సార్?"

"పోతది. కానీ అక్కడ పోతే క్లయింట్‌కు చెప్పుకోవచ్చు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో పెళ్లంటే గాజులకూ చీరలకూ ఈయనగారు మా దిక్కే వస్తారు. గాజులు పాతబస్తీవి కావాలి, మనిషి మాత్రం గచ్చిబౌలిలో ఉండాలి! పెట్టె మారినా మెషీన్ అడ్రస్ మారకుండా చూడటం నా పని. అలాంటి నన్ను ఆ పని కోసమే అడ్రస్ మార్చుకోమంటున్నాడు.

"రూం తీస్కోను సార్. మా ఇంట్ల నుంచే చేస్త. ఒక్క పని ఇచ్చి చూడుండ్రి," అన్నాను.

ఆయన క్యాలెండర్ చూశాడు. క్లయింట్ మెషీన్లన్నిటినీ పాత నెట్‌వర్క్ నుంచి కొత్తదానికి మార్చే పని ఒకటి ఆదివారానికి పెట్టి ఉంది. క్లయింట్ దేశంలో అప్పుడు రాత్రి, మనకు పగలు. ఆ రోజే మా లాల్‌దర్వాజా బోనాలు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "వేరే రోజు చూద్దామా?" అని నవ్వాడు. అదే రోజు కావాలన్నాను.

బోనాల రోజు మా గల్లీకి ఒక పద్ధతుంది. వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించి కట్టిన ఎత్తైన తొట్టెలను గుడికి తీసుకుపోతారు. అవి పోవాలంటే గల్లీకి అడ్డంగా వేలాడే వైర్లు పైకి లేవాలి. కొన్నిటిని కర్రలతో ఎత్తుతారు. లేవని వాటిని కేబుల్‌వాళ్లే వచ్చి ఊడదీసి, జాతర సద్దుమణిగాక మళ్లీ కడతారు. అమ్మవారి దారికి వైరు అడ్డం రాకూడదు, అంతే. దీనికి ఎవరూ గొణగరు, నేనూ గొణగను. కాబట్టి ఆ మధ్యాహ్నం నా నెట్ పోతుందని నాకు ముందే తెలుసు.

మా వెనకగోడకు ఆనుకుని లక్కగాజులు చేసే ఆమె ఇల్లు. పిన్నిని పిలిచినట్టు ఆమెను ఖాలా అని పిలుస్తాను. ఆమె వాకిలి వేరే గల్లీలోకి ఉంటుంది, నెట్ వైరూ అటునుంచే వస్తుంది. మా నల్లాలో నీళ్లు రాని రోజు ఆమె గోడ మీదుగా పైపు అందిస్తుంది. ఆమెది రాకపోతే మేమిస్తాం. శనివారం గోడ దగ్గరికి పోయి అడిగాను.

"ఖాలా, రేపు మీ నెట్ కావాలె. నా నౌకరీ సంగతి."

"గింతేనా బేటీ? నీళ్లు ఇస్తలేమా, గిది ఇయ్యమా? ఫికర్ చెయ్యకు, వైర్ ఇటు పడెయ్."

ఒక దారి తెగితే ఇంకోదారి ఉండాలని మా ఆఫీసులో గంటలకొద్దీ మీటింగులు పెట్టి బొమ్మలు గీస్తారు. మా గల్లీలో అది గోడ దగ్గరే తేలిపోయింది.

ఆదివారం నాకు బదులు వదిన బోనం ఎత్తుకుంది. డప్పుల మోత వింటూ నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఏటా ఎత్తేదాన్ని, ఆ మేనేజర్ మీద పంతానికి ఈసారి వదులుకున్నాను. పని సగంలో ఉండగా గల్లీలో కేకలు వినబడ్డాయి, మా వైరు ఊడింది. ఖాలా వైరు తగిలించి మళ్లీ డేటా సెంటర్ సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యాను. ఒకసారి చెప్పిన పనిని అక్కడి సాఫ్ట్‌వేర్ నా కోసం ఆగకుండా చేసుకుపోతూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు ఆఖరి మెషీన్ కూడా కొత్త నెట్‌వర్క్‌లోకి వచ్చింది. క్లయింట్ వైపు నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. మా పనిలో మెచ్చుకోలు అంటే అదే.

మర్నాడు ఆఫీసుకు పోగానే మేనేజర్ పిలిచాడు. "టీమ్‌ల వేసిన. క్లయింట్‌కు మాత్రం నువ్వు గచ్చిబౌలిల ఉంటవని చెప్త. నువ్వేం మాట్లాడకు."

సీటు చేతికొచ్చింది. నోరు మూసుకుంటే చాలు. ఆ రాత్రి క్లయింట్‌తో వీడియో మీటింగ్‌లో ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ, నా వంతు రాగానే ఆయన గచ్చిబౌలి అననే అన్నాడు. నేను మైక్ ఆన్ చేశాను.

"కాదు సార్. హైదరాబాద్ పాతబస్తీ, లాల్‌దర్వాజా. ఆదివారం మీ మెషీన్లన్నీ మార్చింది అక్కడి నుంచే," అని ఇంగ్లీషులో చెప్పాను.

అవతలి పెద్దమనిషి ఏదో రాసుకుని, వచ్చేనెల పని కూడా మీరే చేస్తారా అని అడిగాడు. చేస్తానన్నాను.

మీటింగ్ ఇంకా నడుస్తుండగానే మేనేజర్ నుంచి మెసేజ్ వచ్చింది: "ఇప్పుడు గిది చెప్పుడు అవసరమా? సీటు పోతే?"

"పోతే పోతది సార్," అని కొట్టాను. "నేనుండేది గాడనే."