పస్తు మడి

మా పక్కవాటాలో ఉండే గోధుమల బాబాయి వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో కూలీగా చేరి, జుట్టు నెరిసినా అక్కడే పనిచేస్తున్నాడు. ఆ పేరు వీధి పిల్లలు పెట్టింది. నాకు మాత్రం తమ్ముడి వరస. భోజనం దగ్గర కూడా కంకుల కబుర్లే చెప్పే మనిషి, ఆ ఏడు కోతల ముందు వాటి ఊసే ఎత్తడం మానేశాడు. వీధిలో జీపు చప్పుడైతే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

పక్కింట్లో ఏదో జరుగుతుంటే నాకు కాలు నిలవదు. చాట అడిగే వంకతో వెళ్ళి కూర్చున్నాను.

"ఏరా తమ్ముడూ, ఎవర్నైనా చంపి పాతిపెట్టావా?" అన్నాను. మరదలు నవ్వింది గాని అతను నవ్వలేదు.

నసుగుతూ నసుగుతూ చెప్పాడు. అక్కడ గోధుమను పక్కపక్క మళ్ళలో వేసి, ఒక్కో మడికి ఒక్కో మోతాదులో పొటాష్ ఎరువు వేస్తారు. కొన్ని మళ్ళకు అసలు వేయరు. వాటిని పస్తు మళ్ళంటారు. పొటాష్ వల్ల దిగుబడి ఎంత పెరిగిందో, గింజ ఎంత బాగుపడిందో వాటితో పోల్చే చెబుతారు. అలాంటి ఒక మడిలో ఆకుల అంచులు మాడిపోయి, కాడలు గాలికి వాలిపోతుంటే ఇతనికి కడుపు తరుక్కుపోయింది. కంకి పొట్టలో ఉండగానే, ఎవరూ చూడకుండా పొటాష్ చల్లి నీళ్ళు పెట్టాడు. ఒక్కసారితో ఊరుకోలేదు.

"ఇప్పుడు గింజ బొద్దుగా వచ్చిందక్కా. తూకం వేస్తే ఆ లెక్కలు రాసే మా శాస్త్రవేత్త మేడంకి తెలిసిపోతుంది."

"తెలియకపోతే?"

"అదింకా భయం. పొటాష్ వేసినా మానినా ఒకటేనని రాసేస్తారు. అది నమ్మి రైతులు మానేస్తే వాళ్ళ చేలు ఏమైపోతాయి?"

మర్నాడు పొద్దున్నే నేనే మేడం దగ్గరికి వెంటబెట్టుకు వెళ్ళాను. ఒంటరిగా పంపితే దారిలోంచే తిరిగొచ్చేస్తాడు.

మేడం అంతా విని, మడి దగ్గరికి నడిచి, ఒక కంకిని అరచేతిలో నలిపి ఊదింది. గింజలను వేలితో కదిపి చూసింది.

"మిగతా పస్తు మళ్ళలో కూడా చల్లావా?"

"లేదు మేడం."

"నిజం చెప్పు."

"నా పిల్లల మీద ఒట్టు."

ఆ ఒక్క మడినీ లెక్కలోంచి తీసేయమంది. వచ్చే పంటకు పస్తు మళ్ళన్నీ అతనే చూడాలనీ, మళ్ళీ జాలిపడితే గేటు దాటి రావద్దనీ చెప్పింది.

ఉద్యోగం నిలిచిందని మరదలు ఊపిరి పీల్చుకుంది. అతనికి మాత్రం తన మీద తనకే భయం వదల్లేదు. కొత్త పైరులో పస్తు మళ్ళ ఆకులు మళ్ళీ మాడడం మొదలైంది. ఎరువుల గదిలోకి వెళ్ళాల్సి వస్తే ఇప్పుడు ఎవరినో ఒకరిని తోడు పిలుస్తున్నాడట.