హవల్దార్ మామ కంటి పరీక్ష

నేను నాచారంల కండ్లద్దాల షాపు నడుపుత. అండమాన్‌ల ఒక చిన్న దీవిల స్థిరపడ్డ రిటైర్డ్ ఫౌజీలకు కంటి క్యాంపు పెడుతున్నరు, రమ్మంటే పోయిన. ఓడల రెండు పెట్టెల నిండ అద్దాలు తీస్కపోయిన.

స్కూలు వరండల అక్షరాల చార్టు తగిలించిన. ఒక్కొక్కరే వచ్చి, అట్టడుగు సన్న అక్షరాలతో సహా గడగడ చదివిన్రు. డెబ్బై ఏండ్లోల్లకు గిసొంటి సూపా! పెట్టెలు విప్పకుండనే వాపస్ మోసుకపోవాలేమో అని పరేషానైన.

ఇగ చాలనుకొని చార్టు తీసి మడతపెడుతుంటె ఆఖరి మనిషి వచ్చిండు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఆడనే ఉండిపోయిన హవల్దార్ మామ. నిటారుగ నిలబడి, ఖాళీ గోడ దిక్కు సూసి, చార్టు మొత్తం అప్పజెప్పిండు.

"మామా, చార్టు నా చేతుల ఉంది" అన్న.

ఆయన నవ్విండు. "ముందు సదివినోడు ఎనకోడికి సెప్తాడు బాబూ. సూపు తగ్గిందని తెలిస్తే బోర్డర్ నుంచి ఎనక్కి పంపేస్తారు. సర్వీసంతా అలాగే నెట్టుకొచ్చాం."

"రిటైరై ఇరవై ఏండ్లాయె గదా!"

"అలవాటెక్కడికి పోద్ది?"

వేరే చార్టు తగిలించి అందర్ని మల్ల పిలిచిన. సాయంత్రానికి రెండు పెట్టెలు ఖాళీ.

ఇంటికొచ్చినంక నాకో అనుమానం పట్టుకుంది. మా బాపు కూడ ఫౌజీనే. కొడుకుది అద్దాల షాపైనా, నాకెందుకంటడు. ఆయన సూడకుండ గోడ మీది క్యాలెండర్ తీసేసి, "ఇయ్యాల తారీఖెంత బాపూ?" అని అడిగిన.

బాపు ఖాళీ గోడ దిక్కు తేరిపార సూసి, తారీఖుతో పాటు తిథి కూడ చెప్పిండు.